దాసి: గడీలోని ఆడబాప కథ

ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్టపై నిలిచి చూచువారికి ఆ జలరాశితోపాటు ఒక ప్రభువు పేరు కూడ స్ఫురించును. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున ఆ చెరువు నిర్మింపబడినదని చెప్పుదురు. ఊరికిని ఆయన పేరే నిలిచినది. కాని తట్టలతో మట్టి మోసి ఆ కట్టను పోసిన స్త్రీలను తలచువారు లేరు. పెద్ద ఇండ్ల చరిత్రయు నిట్టిదే. ఇల్లు కట్టించినవారి పేరును, ఇంటిని నడపిన దొరసాని పేరును మూడు తరములవరకు చెప్పుకొందురు. ఆ యింటి అంట్లు తోమి, బిడ్డల నెత్తుకొని పెంచి, దొరసాని కాళ్లొత్తిన స్త్రీ పేరు మాత్రము ఆమెతోడనే మాసిపోవును.

అట్టి స్త్రీ నొకతెను కథకు నడుమ నిలిపిన చలనచిత్రము ‘దాసి’. బి. నర్సింగరావు గారి దర్శకత్వమున 1988లో తయారైన యీ చిత్రము, 1920 దశకమునాటి తెలంగాణపు గడీని మన కన్నులయెదుట నిలుపును. ఇటీవల మా యింట ఆడవారమందరమును కూర్చుండి దీనిని చూచితిమి. చూచిన పిదప చాలసేపు ఎవరును మాటాడలేదు. ఆ మౌనమునకు గల కారణమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తెలుగు చిత్రములలో పేద గొప్పల భేదము కొత్త విషయము కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మము గారు తీసిన ‘మాలపిల్ల’ బ్రాహ్మణ యువకునికిని, హరిజన కన్యకును గల ప్రేమను చూపి ఆ దినములలో గొప్ప వాదములకు కారణమయ్యెను. మరుసటి యేడు ఆయనయే ‘రైతుబిడ్డ’లో జమీందారీ పెత్తనమును ఎదిరించెను. ఆ చిత్రములలో అన్యాయము బజారున నిలిచి కేక వేయును. ‘దాసి’లోని అన్యాయమో, వంటయింటను పడకటింటను చడిచప్పుడు లేక తిరుగును. కావుననే అది మన ఆడవారికి మరింత దగ్గరగా తగులును.

కథ చిన్నది. కమలాక్షి యనునది చిన్ననాడే అమ్ముడుపోయిన పేదపిల్ల. దొరసాని పెండ్లియై అత్తవారింటికి వచ్చునపుడు, పందిరిమంచము, బిందెలు, నగలతోపాటు ఆమెయు అరణముగా వచ్చినది. ఇట్లు వధువు వెంట పంపబడు బాలికను తెలంగాణమున ఆడబాప యనెడివారు. పగలెల్ల ఇంటిచాకిరి, రాత్రి దొర పిలిచినచో పోవుట, అతిథులు వచ్చినచో వారికిని లోబడుట—ఇది ఆమె బ్రతుకు. జీతము లేదు, విడుదల లేదు, కాదనుటకు నోరు లేదు. ఆమె గర్భవతియగును. తనదని చెప్పుకొనుటకు లోకమున ఏమియు లేని ఆ స్త్రీకి, కడుపులోని బిడ్డ ఒక్కటియే తనదిగా తోచును. దొరసాని ఆ గర్భమును నిలువనీయదు. కథ యింతే.

కమలాక్షిగా నటించిన అర్చన ఈ చిత్రమునకుగాను ఉత్తమనటిగా జాతీయ బహుమతి నందెను. అంతకు ముందటి యేడు ‘వీడు’ అను తమిళ చిత్రమునకును ఆమెకు ఆ గౌరవమే లభించినది. ఛాయాగ్రహణమునకు ఎ. కె. బీర్ గారికిని, కళాదర్శకత్వమునకు తోట వైకుంఠము గారికిని జాతీయ బహుమతులు వచ్చెను. దుస్తుల కల్పనకొకటి, ఉత్తమ తెలుగు చిత్రముగా నొకటి చేరి మొత్తము ఐదు. వైకుంఠము గారు నిండైన బొట్టు, ముదురురంగు చీరల తెలంగాణ స్త్రీలను తమ చిత్తరువులలో నింపిన చిత్రకారులు. వారి చేతిలో గడీలోని గోడయు, గూడును, గిన్నెయు గూడ కథ చెప్పుచున్నట్లు కనిపించును. నర్సింగరావు గారు గజ్వేలు సమీపమున ప్రజ్ఞాపురమున 1946లో జన్మించినవారు. గౌతమ్ ఘోష్ గారి దర్శకత్వమున వెలువడిన ‘మా భూమి’కి నిర్మాతయు వారే. ‘మా భూమి’ రైతు తిరుగుబాటు కథ. ‘దాసి’ తిరుగబడుటకు గూడ చోటులేని స్త్రీ కథ.

ఇది కల్పనయే కాని, దీని వెనుకనున్న ఆచారము కల్పన కాదు. నైజాము రాజ్యమున వెట్టిచాకిరి పల్లెపల్లెకును వ్యాపించియుండెను. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ—ప్రతి కులమువారును దొరకు ఊరక పనిచేయవలసినదే. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ జరిగినపుడు, దానితోపాటు మహిళాసభయు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతను జరిగెను. స్త్రీలు వేదిక నెక్కి తమ కష్టసుఖములు తామే చెప్పుకొనుట ఆ దినములలో సామాన్యము కాదు. పిదప 1940 దశకమున పాలకుర్తి చాకలి ఐలమ్మ తాను పండించిన గింజలను దొర మనుష్యులపాలు కానీయక నిలిచినది. 1949లో జాగీరులు రద్దయ్యెను. వెట్టిని నిషేధించు శాసనమును 1976లో భారత పార్లమెంటు ఆమోదించెను. శాసనములు వచ్చినవి, గడీలు కొన్ని కూలినవి, కొన్ని పాఠశాలలైనవి. ఆడబాపలు ఏమైరో వ్రాసిపెట్టినవారు మాత్రము తక్కువ.

మా అత్తగారికి ఎనుబదియైదేండ్లు దాటినవి. చిత్రము ముగిసిన పిదప ఆమె కొంగుతో కన్నులొత్తుకొని, “మా నాయనమ్మతోని గూడ ఒకామె వచ్చిందట బిడ్డా. నేను చూసేటాల్లకు ముసలిదైంది. నన్ను ఎత్తుకొని పెంచింది ఆమెనే” అనిరి. ఆమె పేరేమని నేనడిగితిని. అత్తగారు చాలసేపు ఆలోచించిరి. “పేరు ఉండే ఉంటది. అందరం ఆడబాప అనేటోళ్లం. సచ్చిపోయిన్నాడు మా అమ్మ ఏడ్చింది గని, ఆమె పేరేందని ఎవ్వరు అడుగలే” అనిరి.

ఆ యింటివారు క్రూరులు కారు. అత్తగారి తల్లి నిజముగనే ఏడ్చియుండును. ఎత్తుకొని పెంచిన చేతులయెడ ప్రేమ యుండకపోదు. కాని ఆ ప్రేమ పేరడుగువరకు పోలేదు. ఇదియే నన్ను కలచిన విషయము. దొర చేసిన పాపమును మనమందరమును సులభముగా నిందింపగలము. దొరసాని సంగతి అట్లు కాదు. ఆమెయు ఘోషాలోని బందీయే. భర్త నడవడి ఎరిగియు అడుగలేనిది. గడీలో ఎవరిపైనను చెల్లని ఆమె మాట ఒక్క దాసిపై చెల్లును. తనకు జరిగిన అన్యాయమునకు బదులు ఆమె తనకంటె దిక్కులేనిదానియొద్ద తీర్చుకొన్నది. ఒక గుమ్మములోపల ఇద్దరు స్త్రీలు. ఒకతె దుఃఖము రెండవదానికి శిక్షయైనది. ఇట్టివి గడీలతోనే అంతరించినవని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

మనమిప్పుడు పనిమనిషికి జీతమిచ్చుచున్నాము. ఇష్టము లేనిచో ఆమె మానుకొనవచ్చును. ఇది గొప్ప మార్పే. అయినను ‘మా యింటి పిల్లవంటిదే’ యని మనమను మాటను ఒక్కసారి పరీక్షించుకొందము. ఇంటిపిల్లకు జ్వరము వచ్చిన దినమున జీతము కోయుదుమా? ఇంటిపిల్లకు వేరు గ్లాసు పెట్టుదుమా? ఇంటిపిల్ల కూతురు బడి మాని తల్లి వెంట అంట్లకు వచ్చినచో చూచి ఊరకుందుమా? చుట్టరికపు మాటలు తియ్యనివి. అవి కొన్నిసారులు ఇవ్వవలసినదానిని ఎగవేయుటకు గూడ పనికివచ్చును. పిల్లవంటిదని చెప్పుటకన్న, నెలకు నాలుగు సెలవులు, పండుగకు చీర, తప్పక ఒకటవ తేదీని జీతము—ఇవి ఇచ్చుట మేలు. వాని తరువాతనే వాత్సల్యము శోభించును.

చిత్రము నడచుచున్నంతసేపు మా యింట అంట్లు తోమునామె వంటయింటి గడపయొద్ద నిలిచి చూచినది. కూర్చుండుమని మాలో నెవ్వరమును అనలేదు. చివర అత్తగారే వెనుదిరిగి చూచి, “అయ్యో, నిలబడే చూసినవా? ఇట్ల వచ్చి కూసో బిడ్డా” అనిరి. చిత్రము అప్పటికి అయిపోయినది. ఆమె నవ్వి, “పొద్దువోయిందమ్మా, ఇంకో ఇంట్ల పనుంది” అని వెడలిపోయెను.

మరునాడు ఆమె రాగానే కుర్చీ వేసి, టీ మాతోపాటు ఒకే తీరు గ్లాసులో ఇచ్చి, పూర్తి పేరడిగితిని. ఆరేండ్లనుండి మా యింట పనిచేయుచున్నది. ఆమె పేరులో సగమే నాకింతవరకు తెలియును.