గిటార్ మూలన పడేసే ముందు తీగల మందం చూడండి

“ఎలక్ట్రిక్ గిటార్ కావాలని ఏడ్చి మరీ కొనిపించుకున్నాడండీ. రెండు నెలలు కూడా వాయించలేదు. అడిగితే వేళ్ళు నొప్పంటాడు.” పేరెంట్స్ మీటింగ్ రోజున మ్యూజిక్ రూమ్ దాకా వచ్చే తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. చాలామంది దాన్ని బద్ధకం కింద జమకడతారు. బద్ధకం కావచ్చు కూడా. అయితే ఆ తీర్పు ఇచ్చే ముందు గిటార్‌కి ఏ తీగలు వేసి ఉన్నాయో ఒక్కసారి చూడమని మా మనవి. పెద్దవాళ్ళ చేతికి సరిపోయే తీగలు పదేళ్ళ పిల్ల వేళ్ళకి సరిపోవు.

తీగ మందాన్ని గేజ్ అంటారు. దాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. షాపులో “నైన్ సెట్టా, టెన్ సెట్టా” అని అడుగుతారు కదా, ఆ అంకె ఆరు తీగల్లో అన్నిటికన్నా సన్నదాని మందం. ప్యాకెట్ మీద 9-42 అని ఉంటే సన్న తీగ వెయ్యింట 9 వంతులు, అన్నిటికన్నా లావు తీగ 42 వంతులు అని అర్థం. ఎక్కువగా వాడేవి 9-42, 10-46 సెట్లు. వీటికి అటూ ఇటూ 8-38, 11-49 కూడా ఉంటాయి.

తొమ్మిదికీ పదికీ మధ్య తేడా ఒక తలవెంట్రుకంత కూడా ఉండదు. అంత చిన్న తేడాకి ఇంత చర్చ ఎందుకంటారా? మొదటి తీగ సరైన స్వరం పలకాలంటే సెకనుకి దాదాపు 330 సార్లు కంపించాలి. తీగ లావైతే బరువెక్కుతుంది. బరువైన తీగని అంతే వేగంగా కదిలించాలంటే ఇంకా బిగించాలి. బరువు మందంతో పాటు పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే బరువు నాలుగింతలు. అందుకే 9 తీసి 10 వేస్తే బిగువు ఏకంగా 23 శాతం పెరుగుతుంది. మామూలు పొడవున్న గిటార్ మీద 9 తీగ సుమారు 6 కిలోల బిగువుతో ఉంటుంది, 10 తీగ 7 కిలోలు దాటుతుంది. ఆరు తీగలూ కలిపితే 9-42 సెట్‌కి 38 కిలోల పైచిలుకు, 10-46 సెట్‌కి 47 కిలోల దాకా వస్తుంది. అంటే రెండు పాతిక కిలోల బియ్యం బస్తాల బరువుకి కాస్త తక్కువ. పెరట్లో బట్టలారేసే దండెం వదులుగా ఉంటే ఒక్క వేలితో కిందికి నొక్కేస్తాం. బాగా బిగించి కట్టిన దండెం అంత తేలిగ్గా లొంగదు. పిల్లల వేళ్ళకి ఎదురవుతున్నది అదే.

నొక్కడం ఒక్కటే అయితే వేళ్ళు కాయలు కాచేదాకా ఓపిక పట్టమనొచ్చు. అసలు కష్టం లాగడంలో ఉంది. ఎలక్ట్రిక్ గిటార్ అందమంతా తీగని పక్కకి లాగి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడంలోనే ఉంటుంది. దాన్ని బెండ్ అంటారు. మన సంగీతం తెలిసిన ఇంట్లో అయితే గమకం అంటే చాలు, అర్థమైపోతుంది. సినిమా పాట గిటార్ మీద వాయిస్తుంటే స్వరాలన్నీ సరిగ్గా ఉన్నా పాట పలకడం లేదనిపిస్తుంది చూడండి, లోపించేది ఆ జారుడే.

దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. దిండి దగ్గర చించినాడ వంతెన దాటి కాస్త ముందుకెళ్తే పాలకొల్లు. 1969లో అక్కడే పుట్టారు మాండలిన్ శ్రీనివాస్‌గా లోకమంతా ఎరిగిన ఉప్పలపు శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జతలోని రెండు తీగల్నీ ఒకేసారి నొక్కి, రెంటినీ సమంగా లాగి గమకం పలికించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆయన జతలు మానేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చుకున్నారు, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీత కచేరీలు చేశారు. వాద్యం చేతికి లొంగకపోతే చేతిని తప్పుపట్టి ఊరుకోకుండా వాద్యాన్నే చేతికి తగ్గట్టు మార్చుకున్నారన్నమాట. ఆయన చేసిన మార్పుతో పోలిస్తే మీరు మార్చాల్సింది ఒక్క ప్యాకెట్ తీగలే.

హైస్కూల్ పిల్లలు, ముఖ్యంగా అబ్బాయిలు, ఇక్కడ ఒక వాదన తెస్తారు. “లావు తీగలైతేనే సౌండ్ బాగుంటుంది, స్టీవీ రే వాన్ 13 వేసేవాడు” అంటారు. నిజమే. కానీ ఆయన గిటార్‌ని అరస్వరం తగ్గించి శ్రుతి చేసుకునేవాడు, దాంతో బిగువు కొంత తగ్గేది. జీజీ టాప్ బృందంలోని బిల్లీ గిబన్స్ అయితే బీబీ కింగ్ సలహా విని సన్న తీగలకి మారి, చివరికి 7 సెట్ దాకా వెళ్ళాడు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ ఐయోమీ 17 ఏళ్ళ వయసులో ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఆయన వాయించడం మానలేదు, బాంజో తీగల్లాంటి సన్నవి వెతుక్కున్నాడు. ఆయన పలికించిన సౌండ్ సన్నగా ఉందని ఎవరూ అనరు.

కాబట్టి ఎనిమిదో తరగతి లోపు పిల్లలకి 9-42తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మరీ చిన్న చేతులకి 8 కూడా తప్పు కాదు. సన్న తీగలకీ ఇబ్బందులున్నాయి. గట్టిగా నొక్కితే స్వరం కాస్త పైకి పోతుంది, మోటుగా మీటితే తెగుతాయి. ఎప్పుడూ తీగలు తెంపుతున్న పిల్లకి, లేదా శ్రుతి తగ్గించి రాక్ పాటలు వాయించే పిల్లాడికి 10 సరిపోతుంది. గిటార్ పొడవు కూడా చూడాలి. తీగ కంపించే పొడవు కొన్నిటికి 25.5 అంగుళాలు, కొన్నిటికి 24.75. పొట్టిదాని మీద అదే తీగ దాదాపు 6 శాతం వదులుగా ఉంటుంది. ఇంకా పొట్టిగా ఉండే పిల్లల సైజు గిటార్‌కి 10 వేసినా పెద్ద గిటార్ మీది 9లాగే అనిపించవచ్చు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘ఎలక్ట్రిక్’ అని ఉందో లేదో చూడండి. అకూస్టిక్ గిటార్‌కి వాడే కంచు చుట్టిన తీగలు లావుగా ఉంటాయి, పైగా ఎలక్ట్రిక్ గిటార్‌లోని అయస్కాంతానికి సరిగా పలకవు. నైలాన్ తీగలైతే అసలే పలకవు.

గేజ్ మార్చాక గిటార్‌ని ఒకసారి తెలిసినవాళ్ళ చేత సెట్ చేయించాలి. బిగువు తగ్గితే మెడ కొద్దిగా వెనక్కి వంగి తీగలు ఫ్రెట్లకి తగిలి జిరజిరమంటాయి. లోపలున్న ఇనుప కడ్డీని కొంచెం తిప్పితే సర్దుకుంటుంది. ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో ప్రయోగాలు వద్దు. అప్పుడే తీగ ఎత్తు కూడా చూపించండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు రెండు మిల్లీమీటర్లు మించితే 9 సెట్ వేసినా నొప్పి తగ్గదు. నిజానికి తీగలు మార్చే ముందే ఈ ఎత్తు కొలిస్తే కొందరికి కొత్త సెట్ అవసరమే పడదు.

ఇక మన గాలి సంగతి. చుట్టూ గోదావరి పాయలు, కాలవలు, దక్షిణాన సముద్రం. తాళం కప్పలకే తుప్పు పట్టే ఊళ్ళు మనవి. రాజోలు, మలికిపురం వైపు పిల్లల గిటార్లకి తీగలు గరగరలాడటం తరచూ చూస్తుంటాం. తుప్పు పట్టిన తీగ వేలికి గరుకుగా తగులుతుంది, లాగితే జారదు, శ్రుతి నిలవదు. గేజ్ సరైనదే అయినా పిల్లలు మళ్ళీ నొప్పి అనే అంటారు. వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగల్ని పైనా కిందా తుడిపించండి. వానాకాలంలో గిటార్‌ని కవర్‌లో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేయండి. పూత పూసిన తీగలని కొంచెం ఖరీదైన రకం దొరుకుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళకి ఆ ఖర్చు దండగ కాదు.

పాత తీగలు తీసేటప్పుడు ముందు పూర్తిగా వదులు చేశాకే కత్తిరించాలి. బిగువుగా ఉండగా కత్తిరిస్తే కొస ఎగిరి కంటికి తగలొచ్చు. తీసినవాటిని చుట్టగా చుట్టి కాగితంలో పొట్లం కట్టి పారేయండి.