ఏ సంవత్సరం గీత ఇది?

జీఐఎస్ కోర్సులో చేరిన పిల్లలకు మొదటి రోజు నుంచే మ్యాపుకు రంగులు వేయాలని ఆరాటం. లేయర్లు సర్దడమంటే విసుగు. ఆ విసుగుకు కారణం కొన్ని అపోహలు.

అపోహ: జనాభా లెక్కలు, జిల్లాల సరిహద్దులు రెండూ సర్కారువే కదా, కలిపేస్తే సరి.

వాస్తవం: 2011 జనాభా లెక్కల్లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలే లేవు. కోరుట్లతో సహా అంతా కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత కరీంనగర్‌లోని బెజ్జంకి, కోహెడ, హుస్నాబాద్ సిద్దిపేటలో కలిశాయి. పోనీ, పాత మండలాలను పేర్చి కొత్త జిల్లా చేద్దామా అంటే అవీ చీలాయి. బుగ్గారం, జగిత్యాల రూరల్ అప్పుడు ఏర్పడిన మండలాలే. కాబట్టి ఊరి దాకా దిగాలి. 2011 లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంది. దాని పక్కన కొత్త మండలం, కొత్త జిల్లా అని రెండు కాలమ్‌లు చేర్చి, ఊరూరా కూడుకుంటూ పైకి రావాలి. కోర్సు మొత్తంలో ఇంతకు మించిన పాఠం లేదని నా నమ్మకం.

జత కలపాల్సింది కోడ్‌తోనే, పేరుతో కాదు. ఒక పట్టికలో కోరుట్ల, మరోదాంట్లో కోరట్ల. ఒకచోట సిరిసిల్ల, ఇంకోచోట రాజన్న సిరిసిల్ల. మనకు ఒకటే చోటు, సాఫ్ట్‌వేర్‌కు రెండు. గళ్లు ఖాళీగా మిగిలిపోతాయి.

అపోహ: తెరమీద లేయర్లు ఒకదానిమీద ఒకటి కుదిరితే ప్రొజెక్షన్ సరైనట్టే.

వాస్తవం: క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ చూపడానికి మాత్రమే వాటిని కుదురుస్తుంది, ఫైలును మార్చదు. బడి చుట్టూ 500 మీటర్ల బఫర్ కోసం డిగ్రీల్లో ఉన్న లేయర్‌మీద 500 అని కొడితే, అవి 500 డిగ్రీలు! ఉత్తర దక్షిణాలుగా ఒక్క డిగ్రీయే సుమారు 111 కిలోమీటర్లు. ముందు లేయర్‌ను యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకోవాలి. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల మూడూ అందులోవే. ఈ ప్రాంతపు పాత 56 జె టోపోషీట్‌ది ఎవరెస్ట్ డేటమ్. దాన్ని డబ్ల్యూజీఎస్ 84 అనుకుని పరిస్తే రోడ్లు, చెరువులు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతాయి.

అపోహ: షేప్‌ఫైల్ అంటే ఒక ఫైలు.

వాస్తవం: అదొక ఫైళ్ల గుంపు. ఎస్‌హెచ్‌పీ ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే పట్టిక, ప్రొజెక్షన్ ఇంట్లోనే ఉండిపోతాయి.

అపోహ: లేయర్ ఒకసారి సరిచేస్తే ఎప్పటికీ సరే.

వాస్తవం: సిరిసిల్ల జిల్లా 2011 గ్రామాల లేయర్ కింద ఇప్పటి ఉపగ్రహ చిత్రం పరచి చూడండి. మధ్య మానేరు జలాశయం ముంపు ఊళ్ల గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి, వాటి లోపలంతా నీళ్లు. ఫైలు పేరులో 2011 అని రాసి ఉంటే, అవి అప్పటి ఊళ్లని చూసినవాళ్లకు తెలుస్తుంది.