కాలి బుడిపె ఊడిన కెమెరా స్టాండుకు ఊతకర్ర బుష్షే గతి
తక్కువ ఖర్చుతో కుదిరే ఉపాయాలు

ముంచింగిపుట్టు: పెళ్ళిళ్ళకు, ధింసా ఆటలకు, చైత్రమాసపు ఇటుకల పండుగకు వీడియో తీసి పొట్టపోసుకునే కుర్రాళ్ళకు కెమెరా ఎంత ముఖ్యమో, దాన్ని మోసే మూడు కాళ్ళ స్టాండూ అంతే ముఖ్యం. ఆ స్టాండు కాళ్ళకు అడుగున వుండే రబ్బరు బుడిపెలు చూడటానికి చాలా చిన్నవి. కొండదారుల్లో స్టాండును మోస్తూ తిరిగేటప్పుడు ఇవి ఎక్కడో ఊడిపడిపోతాయి. పని మొదలయ్యేదాకా ఆ సంగతే తెలియదు.

మూడు రాళ్ళ పొయ్యి ఎగుడుదిగుడు నేలమీదైనా కదలకుండా కూర్చున్నట్లే మూడు కాళ్ళ స్టాండు కూడా నిలబడుతుంది. అయితే రబ్బరు ఊడిన కాలు సిమెంటు గచ్చుమీద జారుతుంది. ఒక్క కాలు జారినా కెమెరా నేలకూలుతుంది. అప్పుతో కొన్న కెమెరా అయితే నష్టం ఇంతా అంతా కాదు. బుడిపె లేని గొట్టంలోకి వానాకాలం బురద, ఇసుక చేరి కాళ్ళు పైకీ కిందకీ జరగకుండా బిగుసుకుపోవడం మరో ఇబ్బంది.

అసలు బుడిపె కోసం విశాఖపట్నం వెళ్ళి వస్తే బస్సు ఛార్జీలకు, పోయిన రోజు కూలికి అయ్యే ఖర్చు బుడిపె ధరను మించిపోతుంది. చౌక రకం స్టాండ్లకు విడి భాగాలు దొరకడమూ అరుదే. ఇందుకు చక్కని విరుగుడు మందుల దుకాణంలో వుంది. ముసలివారి చేతికర్రకు, కాలు విరిగినవారి ఊతకర్రకు అడుగున తొడిగే రబ్బరు బుష్షే అది. మనిషి బరువు మోస్తూ జారకుండా వుండటానికే దానిని తయారు చేస్తారు గనుక కెమెరా బరువు దానికి ఒక లెక్క కాదు. ఇనుప సామాన్ల దుకాణాల్లో గొట్టపు కుర్చీల కాళ్ళకు అమ్మే రబ్బరు బుష్షులు కూడా పనికివస్తాయి. గట్టి ప్లాస్టిక్ బుష్షులు మాత్రం కొనరాదు. అవి గచ్చుమీద జారుతాయి.

కొలత చూసుకోకుండా కొంటే డబ్బు దండగ. కాలి చివర చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాని పొడవును మిల్లీమీటర్లలో కొలిచి 3.14తో భాగించాలి. పట్టీ 60 మిల్లీమీటర్లు వుంటే గొట్టం మందం 19. 69 వుంటే 22. 79 వుంటే 25. చేతికర్ర బుష్షులు సాధారణంగా ఈ కొలతల్లోనే దొరుకుతాయి. బుష్షు కాస్త బిగుతుగా వుండటమే మేలు. వేడినీళ్ళలో కొంచెం సేపు వుంచితే రబ్బరు మెత్తబడుతుంది. లోపల సబ్బునీరు రాసి తిప్పుతూ తొడిగితే సులువుగా ఎక్కుతుంది; ఆరాక గట్టిగా పట్టుకుంటుంది. గొట్టం అంచు వాడిగా వుంటే రబ్బరును కోసివేస్తుంది గనుక ముందుగా ఆకురాయితో అరగదీసి, బుష్షు అడుగున ఒక ఇనుప వాషరు వేయాలి. త్వరగా అంటుకునే జిగురు వాడితే అది పెళుసుబారి ఊడిపోతుంది. మిగిలిన ముక్కలు మళ్ళీ తీయడమూ కష్టమే. మూడు కాళ్ళకూ ఒకేసారి కొత్త బుష్షులు వేయడం మంచిది. అరిగినదొకటి, కొత్తదొకటి అయితే అరిగిన కాలే ముందు జారుతుంది.

ఖరీదైన కొన్ని స్టాండ్లకు బుడిపె మరతో బిగించి వుంటుంది. వీటికి బుష్షు తొడిగేముందు ఆ మర అంగుళంలో 3/8 వంతుదా, వేరే కొలతదా అని ఒక బోల్టుతో సరిచూసుకోవాలి. కొన్నింటిలో రబ్బరును పైకి తిప్పితే ఇనుప ములుకు బయటపడుతుంది. భూమి కొలిచే సర్వేయర్ల స్టాండు కాళ్ళకు వుండే ములుకుల మాదిరే ఇది మట్టిలో, గడ్డిలో దిగి గట్టిగా నిలబడుతుంది. గచ్చుమీద, చెక్క వేదికమీద మాత్రం ములుకు పనికిరాదు, రబ్బరే కావాలి.

పండుగ రోజున బుడిపె ఊడితే సంతదాకా ఆగడం కుదరదు. అప్పుడు పంక్చరు దుకాణంలో పాత సైకిలు ట్యూబు ముక్క తీసుకుని, నాలుగు మడతలుగా కాలి చివర కప్పి, ట్యూబు నుంచి కోసిన పట్టీతోనే బిగించి కట్టాలి. మూడు కాళ్ళనూ నేలకు జానెడు ఎత్తున తాడుతో ఒకదానికొకటి కలిపి కడితే అవి విడిపోవు. మధ్య కొక్కెం వున్న స్టాండయితే రాళ్ళ సంచి వేలాడదీయవచ్చు. ఆ పూటకు పని గడిచిపోతుంది.

2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైనా, ఒడిశా సరిహద్దున వున్న ఈ మండలంవారికి చిన్న సామాను కూడా సంతకు వస్తేనే అందుబాటులోకి వచ్చినట్టు. సంతకు వచ్చే ఇనుప సామాన్ల వర్తకులు 19, 22, 25 మిల్లీమీటర్ల రబ్బరు బుష్షులను నాలుగేసి తెచ్చిపెడితే వీడియో తీసే కుర్రాళ్ళకే కాక, చేతికర్రతో నడిచే ముసలివారికీ మేలు జరుగుతుంది. బుష్షు అరిగిపోయిన కర్ర తడి గచ్చుమీద జారితే పడేది కెమెరా కాదు, మనిషి.