పదిహేనో ఏట ఫ్రాన్సు వెళ్ళిన కోయంబత్తూరు కుర్రాడు

అబ్బాయి బైకు తీశాడంటే, ఇంటికొచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని జగిత్యాల రోడ్డు వైపే చూస్తూ కూర్చుంటాం కదా! మరి వేగమే వృత్తిగా పెట్టుకున్న కొడుకైతే?

నారాయణ్ కార్తికేయన్ అలాంటివాడే. ఊరు కోయంబత్తూరు. అక్కడి నాయుళ్ళు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. వీళ్ళదీ అలాంటి కుటుంబమే. 1977 జనవరి 14న పుట్టాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ కారు ర్యాలీల్లో జాతీయ చాంపియన్. ఇక ఆ ఇంట్లో వద్దనేదెవరు చెప్పండి!

1992లో, పదిహేనేళ్ళకే, ఫ్రాన్సులో రేసింగ్ స్కూలుకు వెళ్ళాడు. కొడుకుల్ని దుబాయి విమానం ఎక్కించిన మన రాయికల్, కోరుట్ల తల్లులకు ఆ రోజు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మరుసటేడు శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతి పందేలు. కోయంబత్తూరుకే చెందిన కరివర్ధన్, మారుతి 800 ఇంజను పెట్టి చేయించిన బుల్లి కార్లవి. ఒకటే సీటు, పైన కప్పుండదు, చక్రాలు బయటికే కనిపిస్తాయి.

1996లో ఫార్ములా ఆసియా చాంపియన్ అయ్యాడు. అయినా ఫార్ములా వన్ పందెంలో సీటు దొరకడానికి మరో తొమ్మిదేళ్ళు పట్టింది. ఈ ఆటలో చెయ్యి తిరిగితే చాలదు, వెనక డబ్బు పెట్టేవాళ్ళూ కావాలి. 2005లో జోర్డాన్ జట్టు తీసుకుంది. ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడు ఇతనే. ఆ కారు డ్రైవరుతో కలిపి తూచినా మన మారుతి 800 కంటే తేలికే!

అదే ఏడు జూన్ 19న అమెరికాలో ఇండియానాపోలిస్ పందెం. టైర్లు ప్రమాదమని 14 కార్లు తప్పుకున్నాయి, మిగిలినవి ఆరే. నారాయణ్‌ది నాలుగో స్థానం, 5 పాయింట్లు. ఫార్ములా వన్‌లో అతనికి దక్కిన పాయింట్లు అవే. ఆరుగురిలో నాలుగో గొప్పేమిటని వెక్కిరించినవాళ్ళున్నారు. నాకైతే ఆ మాట నచ్చదు. మిగతావాళ్ళు తప్పుకుంటే అతని తప్పా? 72 చుట్లూ తిరిగింది తనే కదా!

2010లో పద్మశ్రీ వచ్చింది. 2011లో ఢిల్లీ దగ్గర మన దేశపు మొదటి ఫార్ములా వన్ పందెంలో, వెనకబడ్డ జట్టు కారుతోనే 17వ స్థానంలో ముగించాడు. తర్వాత జపాను వెళ్ళాడు. 2019 నవంబరులో, 42 ఏళ్ళ వయసులో, ఫ్యూజీలో గెలిచాడు. మరుసటేడు కోయంబత్తూరులో మొదలుపెట్టిన వ్యాపారం ఏమిటనుకున్నారు? సెకండ్‌హ్యాండ్ బైకులు అమ్మడం!