ఫుట్‌బాల్ క్రీడాకారుడు బలరాం



మన కర్నూలు, కడప మెట్టపొలములలో వాన పడిన పిమ్మట పదునారకముందే గొర్రు కట్టవలెను. ఆలసించిన విత్తనము సరిగా మొలవదు. విద్యలలోను ఇట్టి భేదము కలదు. వ్యాకరణమును, గణితమును అరువదియేండ్ల ప్రాయమునను అభ్యసింపవచ్చును. దేహముతో సాధించు విద్యకు మాత్రము యౌవనమే యదను. ఆ యదను ఎంత స్వల్పమో, ఎరిగి వినియోగించుకొన్నవాని కెంత ఫలమిచ్చునో తులసీదాస్ బలరాం చరిత్రము తెలుపుచున్నది.

బలరాం 1936 లో సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేదకుటుంబమున జన్మించెను. ఆతని యాటను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడు. అనంతరము నగర పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకుడాయెను.

1956 నవంబరు 1 వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించి, రాజధాని మన కర్నూలునుండి హైదరాబాదునకు తరలెను. ఆ నెలలోనే మెల్‌బోర్న్ నగరమున ఒలింపిక్ క్రీడలు ప్రారంభమాయెను. అచ్చటికేగిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఇరువదియేండ్ల బలరాం ఒకడు. మనవారు ఆస్ట్రేలియాను 4-2 గోల్సుతో నోడించి, తుదకు నాలుగవ స్థానమును పొందిరి.

ఈ యాట నెరుగనివారికొక మాట. పదునొకండుగురు గల జట్టులో ఎదిరివారి గోలుపై దాడిచేయువారిని ఫార్వర్డులందురు. నేడు స్ట్రైకరను పేరు వాడుకలో నున్నది. బంతిని గోలులోనికి తన్నుటయే వీరి పనియని పలువురు తలతురు. అది పనిలో కడపటి భాగము మాత్రమే. తన్ను కాచుచున్న ప్రత్యర్థిని ప్రక్కకు లాగికొనిపోయి ఆ సందును తోడివానికి విడుచుట, తనకంటె మేలైన తావున నున్నవానికి బంతి నందిచ్చుట, ఇవి చూపరులకు కానరాని పనులు. బలరాం ఎక్కువగా ఎడమప్రక్కను, అవసరమైనచో నడుమను ఆడెడివాడు. తాను గోలు చేయుటయు, ఇతరులచే చేయించుటయు రెండును నేర్చినవాడు. అందుచేతనే చునీ గోస్వామి, పి.కె. బెనర్జీల సరసన ఆతని పేరును చెప్పుదురు.

1957 లో బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టున ప్రవేశించెను; 1961 లో దానికి నాయకుడాయెను. 1960 రోము ఒలింపిక్సున హంగరీ 2-1 తో మనలను గెలిచినను, మన యొక్క గోలు బలరాం చేసినదే. పెరూతో 3-1 తో నోడిన యాటలోను ఆతడే గోలు చేసెను. 1962 జకార్తా ఏషియన్ క్రీడలలో మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేతిలో నోడిన మనవారు, థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచి, సెప్టెంబరు 4 వ తేదీన ఆ కొరియానే 2-1 తో నోడించి స్వర్ణపతకమందిరి. బలరామునకు ఆ యేటి అర్జున పురస్కారము లభించెను.

మరుసటి యేడు, 1963 జూన్ 11 వ తేదీన, రహీం క్యాన్సరు వ్యాధిచే మరణించెను. అదే సంవత్సరమున ఊపిరితిత్తుల వ్యాధి బలరామును మైదానమునుండి తొలగించెను. ఆతనికి ముప్పదియేండ్లైనను నిండలేదు. ఆ పిమ్మట ఆతడు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడాలో నివసించి, 2023 ఫిబ్రవరి 16 వ తేదీన కన్నుమూసెను. దేశమునకై ఆడినది ఏడేండ్లు. ఆట విడిచి బ్రదికినది సుమారు అరువదియేండ్లు!

ఇందుండి మనము గ్రహింపవలసినవి రెండు. పరీక్షలైన పిమ్మట చూతమని ఒక యేడును, కోతలైన పిమ్మట చూతమని మరియొక యేడును త్రోసివేసినచో బిడ్డలోని నేర్పు మరల రాదు. ఈ మాట బాలురకే కాదు; నిజామాబాదు ప్రాంతపు తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ భారత మహిళల జట్టున ముందువరుసలో ఆడి, 2022 లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టున చేరినది. ఇక రెండవది: ఆటకు తన యౌవనమిచ్చినవానికి మిగిలిన దీర్ఘజీవితమునకై చదువును, జీవనోపాధియు నుండవలెను. పాఠశాల మైదానమున సాయంకాలము గంటసేపు బంతి తన్ను బిడ్డను కోపించి పిలువకుడు. ఆ గంట ముగిసిన వెంటనే పుస్తకము తెరపింపుడు. ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును నా మనవి యింతే.