మీకు తెలుసా? క్షయని రక్తపిశాచి అనుకున్నారు!

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం, ఎక్సెటర్. 1892 జనవరిలో 19 ఏళ్ల మెర్సీ బ్రౌన్ క్షయతో కన్నుమూసింది. తల్లీ, అక్కా అంతకుముందే అదే జబ్బుతో పోయారు. సోదరుడు ఎడ్విన్ కూడా మంచం పట్టడంతో, చనిపోయినవాళ్లలో ఎవరో అతని ప్రాణం పీల్చేస్తున్నారని ఊరివాళ్లు పట్టుబట్టారు. తండ్రికి నమ్మకం లేదు, అయినా ఒప్పుకున్నాడు పాపం. మార్చిలో శవాలను పరీక్షిస్తే మెర్సీ దేహం చెడలేదు, గుండెలో నెత్తురుంది. గడ్డకట్టే చలిలో శవాల గదిలో ఉన్న దేహం అలా ఉండటంలో వింతేముంది? ఊపిరితిత్తుల్లో క్షయ లక్షణాలున్నాయని డాక్టర్ చెప్పినా వినలేదు. గుండె, కాలేయం కాల్చి, ఆ బూడిద నీళ్లలో కలిపి ఎడ్విన్‌తో తాగించారు. రెండు నెలలు తిరక్కుండానే అతనూ పోయాడు. క్షయకి కారణం బాక్టీరియా అని రాబర్ట్ కాక్ ప్రకటించింది 1882లోనే!