చౌమహల్లా: కట్టినవారు, నిలబెట్టినవారు

హైదరాబాదులో చార్మినార్‌కు దగ్గరలోనే చౌమహల్లా ప్యాలెస్ ఉంది. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1750లో సలాబత్ జంగ్ ప్రారంభించిన ఈ నిర్మాణం ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే నూరేళ్లు దాటాక పూర్తయింది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలో నివసించినా, ముఖ్యమైన వేడుకలు ఇక్కడే జరిగేవి. ఆయన మరణానంతరం 1967లో మనుమడు ముకర్రం జా పట్టాభిషేకం కూడా ఇక్కడే జరిగింది. ఆ తరువాత పట్టించుకునేవారు లేక ప్యాలెస్ పాడుబడింది. ఒకప్పటి 45 ఎకరాల ఆవరణలో నేడు మూడో వంతు కూడా మిగలలేదు.

ముకర్రం జా పూర్వ సతీమణి యువరాణి ఎస్రా పూనుకోవడంతో మరమ్మతులు మొదలయ్యాయి. కొన్నేళ్ల శ్రమ తరువాత 2005లో ప్యాలెస్ మ్యూజియంగా ప్రజలకు తెరుచుకుంది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది. నిజాంలు కొలువుదీరిన ఖిల్వత్ ముబారక్‌లో, ఆ షాండ్లియర్ల కింద, ఇప్పుడు ఏ బడి పిల్లలైనా టికెట్టు కొని నిలబడవచ్చు.

ఇందులో మనం గ్రహించవలసినది ఒకటుంది. కొత్త కట్టడానికి పునాదిరాయి వేస్తామంటే దాతలు సంతోషంగా ముందుకు వస్తారు. పాత కప్పు కారుతోంది, బాగుచేయిద్దామంటే చేతులు అంత త్వరగా లేవవు. కట్టించినవారి పేరు శిలాఫలకం చెబుతుంది. నిలబెట్టినవారి పేరు చెప్పేది, కూలకుండా ఉన్న ఆ గోడే.